తుపాకి చట్టాలు: నేరాల లెక్క వేరు, ప్రాణాల లెక్క వేరు

తుపాకుల మీద ఆంక్షలు విధిస్తే నేరాలు తగ్గుతాయా? అమెరికాలో ఈ ప్రశ్న మీద దశాబ్దాలుగా వాదోపవాదాలు సాగుతూనే ఉన్నాయి. ఇది మనకు సంబంధించని దూరపు గొడవ అనుకోవడానికి వీలు లేదు. డాలస్, హ్యూస్టన్, అట్లాంటా, న్యూజెర్సీ ప్రాంతాలలో మన పిల్లలు స్థిరపడి ఉన్నారు. అక్కడ ఎక్కడో కాల్పులు జరిగాయన్న వార్త వస్తే ఇక్కడి తల్లిదండ్రులకు నిద్ర పట్టదు. "ఆత్మరక్షణకు ఇంట్లో ఒక తుపాకి ఉంచుకోమని మా అబ్బాయికి చెప్పమంటారా, డాక్టరుగారూ?" అని అడిగేవారు కూడా ఉన్నారు.

నేను న్యాయశాస్త్రం చదివినవాణ్ణి కాను. అయితే తుపాకి గాయమూ, దానివలన కలిగే మరణమూ వైద్యశాస్త్ర పరిధిలోనివే. ఒక వ్యాధి ఎవరికి వస్తున్నది, ఎప్పుడు వస్తున్నది, ఏ ఇళ్లలో ఎక్కువగా వస్తున్నది అని లెక్కించి కారణాన్ని వెతికినట్లే ఈ మరణాలనూ లెక్కించవచ్చు. ఆ లెక్కల చరిత్రను ఈ వ్యాసంలో మీ ముందుంచుతున్నాను.

ముందుగా గమనించవలసిన విషయం ఒకటున్నది. "నేరాలు" అనే మాటలో జేబుదొంగతనం మొదలుకొని హత్య వరకు అన్నీ ఇమిడి ఉన్నాయి. తుపాకి చట్టం జేబుదొంగను ఏమీ చేయలేదు. మరొక వంక, చాలా సంపన్న దేశాలలో తుపాకి వలన కలిగే మరణాలలో అధికభాగం పరుల చేతిలో జరిగేవి కావు, అవి ఆత్మహత్యలు. కావున నేరాల పట్టికను మాత్రమే చూచేవారికి సగం కథ కనబడదు.

1996: ఒకే సంవత్సరం, మూడు దేశాలు

ఈ చరిత్రలో 1996వ సంవత్సరానికి ప్రత్యేక స్థానం ఉన్నది. ఆ ఏడాది మార్చి 13న స్కాట్లాండులోని డన్‌బ్లేన్ అనే చిన్న పట్టణంలో ఒక వ్యక్తి ప్రాథమిక పాఠశాలలోకి ప్రవేశించి 16 మంది చిన్నారులను, వారి ఉపాధ్యాయురాలిని కాల్చి చంపాడు. ఆరు వారాలు గడిచాయో లేదో, ఏప్రిల్ 28న ఆస్ట్రేలియాలోని టాస్మేనియా ద్వీపంలో, పోర్ట్ ఆర్థర్ అనే పర్యాటక స్థలంలో మరొకడు 35 మందిని బలిగొన్నాడు. అదే సంవత్సరంలో అమెరికా చట్టసభ తుపాకి మరణాలపై జరిగే పరిశోధనకు నిధులను నిలిపివేసింది. బ్రిటన్, ఆస్ట్రేలియా, అమెరికా అప్పుడు మూడు భిన్నమైన దారులు పట్టాయి. ఇన్నేళ్ల తరువాత ఆ మూడు దారుల ఫలితాలను పోల్చి చూచే అవకాశం మనకు కలిగింది.

ఆస్ట్రేలియా: ఆరోగ్యపు పన్నుతో తుపాకుల కొనుగోలు

పోర్ట్ ఆర్థర్ ఘోరం జరిగేనాటికి జాన్ హోవర్డ్ ప్రధానమంత్రి పదవి చేపట్టి రెండు నెలలైనా కాలేదు. ఆయన సంప్రదాయవాద పక్షానికి చెందినవాడు. ఆయనకు మద్దతుగా నిలిచిన గ్రామీణ ఓటర్లలో తుపాకులు గల రైతులు, వేటగాళ్లు ఎందరో ఉన్నారు. అయినా ఘటన జరిగిన పన్నెండు రోజులకే, మే 10న, రాష్ట్రాల పోలీసు మంత్రులందరినీ ఒక జాతీయ ఒప్పందానికి తీసుకొనిరాగలిగారు. ఆ తరువాత విక్టోరియా రాష్ట్రంలో ఆగ్రహంతో ఉన్న తుపాకి యజమానుల సభలో ఆయన కోటు లోపల తూటా తగలని కవచం ధరించి ప్రసంగించవలసి వచ్చింది.

ఒప్పందంలోని ముఖ్యాంశాలు ఇవి. వరుసగా వేగంగా కాల్చగలిగే సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను, కొన్ని రకాల షాట్‌గన్లను సాధారణ పౌరులకు నిషేధించారు. ప్రతి తుపాకికీ నమోదు తప్పనిసరి చేశారు. తుపాకి కావాలన్నవారు న్యాయమైన కారణం చూపాలి. వ్యవసాయం, క్రీడ వంటివి కారణాలు కావచ్చును గాని, ఆత్మరక్షణ అనేది కారణంగా చెల్లదు. అనుమతి కోరిన తరువాత 28 రోజులు వేచి ఉండాలి. ఇంట్లో తుపాకిని తాళం వేసి భద్రపరచాలి.

నిషేధించిన తుపాకులను ప్రభుత్వం ఊరికే గుంజుకోలేదు. వెల కట్టి కొన్నది. 1996 అక్టోబరు నుండి 1997 సెప్టెంబరు వరకు సుమారు 6,50,000 తుపాకులను సేకరించి ధ్వంసం చేశారు. దీనికి కావలసిన ధనం ఎక్కడి నుండి వచ్చిందో వైద్యులమైన మాకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే విషయం. ఆ దేశపు ప్రజారోగ్య పథకమైన మెడికేర్ కోసం ప్రజల ఆదాయంపై వసూలు చేసే 1.5 శాతం పన్నును ఒక్క సంవత్సరం పాటు 1.7 శాతానికి పెంచారు. తుపాకిని ప్రజారోగ్య సమస్యగా భావించి, ఆ ఖర్చును ఆరోగ్యపు పద్దులోనే రాబట్టారన్నమాట.

ఫలితం ఏమైనది?

ఆస్ట్రేలియా పరిశోధకుడు సైమన్ చాప్‌మన్, ఆయన సహచరులు 2006లో ప్రకటించిన లెక్కలు ఇవి. 1979 నుండి 1996 వరకు తుపాకి మరణాలు ఏడాదికి సగటున 628. అందులో ఆత్మహత్యలు 492, హత్యలు 93. చట్టాల తరువాత, 1997 నుండి 2003 వరకు, ఆ సగటు 333కు పడిపోయింది. అందులో ఆత్మహత్యలు 247, హత్యలు 56. ఐదుగురు, అంతకు మించి హతులైన సామూహిక కాల్పులు అంతకు ముందు 18 ఏళ్లలో 13 జరిగాయి. చట్టాలు వచ్చిన తరువాత పదేళ్లకు పైగా ఒక్కటీ జరగలేదు.

ఈ అంకెలను చూచి చట్టమే అంతా చేసిందని తీర్మానించడం శాస్త్రీయం కాదు. తుపాకి మరణాలు 1996కు ముందే మెల్లగా తగ్గుతూ వస్తున్నాయి. జ్వరం తగ్గుముఖం పట్టిన తరువాత ఇచ్చిన మందుకు మొత్తం కీర్తి కట్టబెట్టకూడదు కదా! అదే పరిశోధకులు 2016లో మళ్లీ లెక్క చూశారు. చట్టానికి ముందు ఏటా 3 శాతం చొప్పున తగ్గుతున్న తుపాకి మరణాలు, తరువాత ఏటా దాదాపు 5 శాతం చొప్పున తగ్గాయి. అయితే తుపాకితో సంబంధం లేని హత్యలు, ఆత్మహత్యలు కూడా అదే కాలంలో తగ్గినందువలన, ఈ తగ్గుదల అంతా చట్టం వల్లనే అని చెప్పలేమని వారే నిజాయతీగా రాశారు. హత్యల మీద చట్ట ప్రభావం కనబడలేదని చెప్పిన పరిశోధకులూ ఉన్నారు. ఆండ్రూ లీ, క్రిస్టీన్ నీల్ అనే ఆర్థికవేత్తలు 2010లో రాష్ట్రాలవారీగా పరిశీలించి, ఎక్కువ తుపాకులు సేకరించిన రాష్ట్రాలలో తుపాకి ఆత్మహత్యలు ఎక్కువగా తగ్గినట్లు కనుగొన్నారు. హత్యల విషయంలో మాత్రం వారికి అంత గట్టి ఆధారం లభించలేదు.

ఇక మామూలు నేరాల సంగతి. ఆస్ట్రేలియాలో దోపిడీలు 2001 వరకు పెరిగి, ఆ పిమ్మట తగ్గాయి. ఈ ఎత్తుపల్లాలకు తుపాకి చట్టంతో స్పష్టమైన పొంతన కనబడదు. అంటే చట్టం "నేరం" అనే సముద్రాన్ని ఎండగట్టలేదు. అందులో ప్రాణం తీసే ఒక సుడిగుండాన్ని చిన్నది చేసింది.

ఆ చిన్నదైన సుడిగుండం కూడా పూర్తిగా మాయం కాలేదు. 2018లో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒకే కుటుంబానికి చెందిన ఏడుగురు తుపాకి తూటాలకు మరణించారు. కాలక్రమంలో దేశంలోని తుపాకుల సంఖ్య మళ్లీ పెరిగి 1996 నాటి సంఖ్యను దాటింది. 2025 డిసెంబరు 14న సిడ్నీలోని బాండై సముద్రతీరంలో యూదుల పండుగ వేడుకపై జరిగిన కాల్పులలో 15 మంది హతులయ్యారు. టీకా వేసి ఊరుకుంటే చాలదు, బూస్టరు డోసు కూడా కావాలని వైద్యులు చెప్పినట్లే, చట్టానికి కూడా నిరంతర పర్యవేక్షణ కావాలి.

పొరుగున ఉన్న న్యూజీలాండ్ ఉదాహరణను చట్టాల విమర్శకులు కొంతకాలం చూపుతూ వచ్చారు. అక్కడ అటువంటి నిషేధం లేదు, అయినా సామూహిక కాల్పులు జరగడం లేదు కదా అని వారి వాదన. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదులలో 51 మంది హతులైన పిమ్మట ఆ వాదన నిలువలేదు. నెల తిరగకముందే ఆ దేశం కూడా సెమీ ఆటోమేటిక్ తుపాకులను నిషేధించింది.

బ్రిటన్: మెల్లగా పనిచేసిన మందు

డన్‌బ్లేన్ తల్లిదండ్రులకు మద్దతుగా సాగిన సంతకాల ఉద్యమంలో ఏడు లక్షల మందికి పైగా పాలుపంచుకున్నారు. 1997లో రెండు చట్టాలు వచ్చాయి. వాటితో ప్రధాన బ్రిటన్ భూభాగంలో పిస్తోలు, రివాల్వరు వంటి చేతి తుపాకులను సొంతం చేసుకోవడం దాదాపు పూర్తిగా నిషిద్ధమైనది. సుమారు 1,62,000 చేతి తుపాకులు ప్రభుత్వానికి చేరాయి.

వెంటనే నేరాలు తగ్గాయా? తగ్గలేదు. ఇంగ్లండు, వేల్స్‌లలో చేతి తుపాకితో జరిగిన నేరాల నమోదు ఆ తరువాత కొన్నేళ్లపాటు పెరిగింది కూడా. చట్టం విఫలమైనదనడానికి చాలామంది ఈ అంకెనే చూపుతారు. ఇందులో కొంత నిజం ఉన్నది. లైసెన్సు గల పౌరుడు తన తుపాకిని అప్పగిస్తాడు. ముఠా సభ్యుడి వద్ద ఉన్నది దొంగ తుపాకి, అది రిజిస్టరులోనే లేదు. పోలీసుల నిఘా, కఠిన శిక్షలు, అక్రమ రవాణా మీద దాడులు తోడైన తరువాతనే, 2000ల మధ్యకాలం నుండి, ఈ నేరాలు తగ్గుముఖం పట్టాయి. 2010లో కంబ్రియా ప్రాంతంలో లైసెన్సు గల తుపాకులతోనే ఒకడు 12 మందిని చంపాడు. అయితే డన్‌బ్లేన్ తరువాత బ్రిటన్‌లో పాఠశాలలో అటువంటి మారణకాండ మరొకటి జరగలేదు.

అమెరికా: లెక్కించడమే తప్పయిన కాలం

అమెరికాలో వైద్యుడు ఆర్థర్ కెల్లర్‌మన్, ఆయన బృందం 1993లో ప్రఖ్యాత వైద్య పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. తుపాకి ఉన్న ఇంట్లో, ఇంటిలోనే హత్యకు గురయ్యే ప్రమాదం సుమారు 2.7 రెట్లు ఎక్కువని అందులో తేలింది. చంపినవారు చాలావరకు బయటి దొంగలు కారు. కుటుంబసభ్యులు, బాగా తెలిసినవారు. దీనికి ముందు, 1992లో, అదే బృందం తుపాకి ఉన్న ఇంట్లో ఆత్మహత్య ప్రమాదం దాదాపు ఐదు రెట్లని చూపింది. ప్రమాదకర పరిస్థితులలో ఉన్నవారే తుపాకి కొంటారేమో, అందువలన ఈ అంకె ఎక్కువగా కనబడుతుందేమో అని విమర్శకులు అడిగారు. అది న్యాయమైన శాస్త్రీయ ప్రశ్న. దానికి సమాధానం మరింత పరిశోధన.

జరిగింది వేరు. ఈ పరిశోధనకు ధనసహాయం చేసిన వ్యాధి నియంత్రణ కేంద్రం బడ్జెట్ నుండి 1996లో చట్టసభ 26 లక్షల డాలర్లను తగ్గించింది. అంతకు ముందు ఏడాది తుపాకి పరిశోధనకు ఆ సంస్థ ఖర్చుపెట్టిన మొత్తం సరిగ్గా అంతే. తుపాకి నియంత్రణను ప్రోత్సహించడానికి ఈ నిధులు వాడరాదని ఒక నిబంధన కూడా చేర్చారు. దానికి ఆర్కన్సా సభ్యుడు జే డికీ పేరు నిలిచిపోయింది. ఒక వంక ఆస్ట్రేలియా తుపాకుల కోసం ఆరోగ్యపు పన్ను వేసింది. మరొక వంక అమెరికా ఆరోగ్య సంస్థను తుపాకి జోలికి రానీయలేదు. విశేషమేమంటే, 2012లో జే డికీయే, ఆ పరిశోధనలను నడిపిన మార్క్ రోజెన్‌బర్గ్‌తో కలిసి, పరిశోధన జరగవలసిందేనని వాషింగ్టన్ పోస్టులో రాశారు. చట్టసభ మళ్లీ నిధులు ఇచ్చింది 2019 చివరిలోనే. ఒక తరం కాలం చీకటిలో గడిచింది.

ఈ లోగా కొన్ని రాష్ట్రాలు సహజ ప్రయోగశాలలయ్యాయి. కనెక్టికట్ రాష్ట్రం 1995 నుండి చేతి తుపాకి కొనేవారికి ముందస్తు అనుమతి పత్రం, నేపథ్య విచారణ తప్పనిసరి చేసింది. అక్కడ తుపాకి హత్యలు 40 శాతం తగ్గాయని ఒక అధ్యయనం అంచనా వేసింది; తదుపరి అధ్యయనం ఆ అంచనాను 28 శాతానికి దించింది. మిస్సోరి రాష్ట్రం 2007లో అటువంటి చట్టాన్నే రద్దు చేయగా అక్కడ తుపాకి హత్యలు పెరిగాయి. మరొక వంక, 1994 నుండి పదేళ్లపాటు దేశమంతటా అమలైన యుద్ధతరహా తుపాకుల నిషేధం మొత్తం హింస మీద చూపిన ప్రభావం స్వల్పమేనని ప్రభుత్వం కోరి చేయించిన పరిశీలనలోనే తేలింది. పాత తుపాకులను మినహాయించిన నిషేధం అది. అన్ని చట్టాలూ ఒకటి కావు. అన్ని మాత్రలూ తెల్లగానే ఉంటాయి గాని, ఏ మాత్ర దేనికో తెలియాలి.

2021లో అమెరికాలో తుపాకి వలన 48,830 మంది మరణించారు. వారిలో 26,328 మందివి ఆత్మహత్యలు. 20,958 మంది హతులు. 2020 నుండి ఒకటి మొదలు 19 ఏళ్ల లోపు పిల్లల మరణాలకు, రోడ్డు ప్రమాదాలను కూడా దాటి, తుపాకియే మొదటి కారణమైనది.

ఆ క్షణం గడిస్తే

"చావాలనుకున్నవాడు తుపాకి లేకపోతే మరొక మార్గం వెతుక్కుంటాడు" అని చాలామంది అంటారు. వైద్య చరిత్ర ఈ మాటను సమర్థించదు. ఆత్మహత్యా ప్రయత్నం నుండి బయటపడినవారిలో పదింట తొమ్మిదిమంది ఆ తరువాత ఆత్మహత్యతో మరణించరు. ఆ తీవ్రమైన ఆలోచన చాలామందిలో కొద్దిసేపు ఉండే తుఫాను వంటిది. ఆ సమయంలో చేతికందిన వస్తువు ఎంత ప్రాణాంతకమన్నదే బ్రతుకును నిర్ణయిస్తుంది. తుపాకి పశ్చాత్తాపానికి వ్యవధి ఇవ్వదు.

ఇజ్రాయెల్ సైన్యం 2006లో ఒక చిన్న మార్పు చేసింది. వారాంతపు సెలవులకు ఇంటికి వెళ్లే యువ సైనికులు తుపాకిని శిబిరంలోనే వదలి వెళ్లాలన్నారు. సైనికుల ఆత్మహత్యలు దాదాపు 40 శాతం తగ్గాయి. తగ్గినవి ముఖ్యంగా వారాంతపు మరణాలే. మిగిలిన రోజులలో అవి పెరగలేదు. కాలిఫోర్నియాలో రెండున్నర కోట్లకు పైగా ప్రజలను పన్నెండేళ్లపాటు గమనించిన అధ్యయనం 2020లో వెలువడింది. చేతి తుపాకి గల పురుషులలో ఏ విధమైన ఆత్మహత్య అయినా కలిపి చూస్తే, తుపాకి లేనివారికంటె మూడు రెట్లకు మించి ఉన్నది. స్త్రీలలో ఏడు రెట్లు.

ఈ సత్యాన్ని గ్రహించడానికి మనం అమెరికా వెళ్లనవసరం లేదు. మన జిల్లా ఆసుపత్రుల అత్యవసర విభాగాలలో పనిచేసిన నా తరం వైద్యులందరికీ పురుగుమందు తాగి వచ్చిన రోగులు గుర్తుంటారు. మెలకువ ఉన్నంతసేపు "బతికించండి సార్" అని చేయి పట్టుకొని వేడుకొన్నవారే ఎక్కువ. అక్కడ పడకగదిలోని తుపాకి ఎటువంటిదో, ఇక్కడ ఇంటి మూలనున్న పురుగుమందు డబ్బా అటువంటిది. శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించగా, 1995 తరువాత ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది.

మన దేశపు చట్టం

మన ఆయుధ చట్టం పుట్టుక వేరు. 1878లో వైస్రాయి లిట్టన్ కాలంలో వచ్చిన చట్టం ఉద్దేశం ప్రజల ప్రాణరక్షణ కాదు. 1857 తిరుగుబాటును మరువని పాలకుల ఆత్మరక్షణ. భారతీయులకు లైసెన్సు తప్పనిసరి, ఐరోపావారికి మినహాయింపు! 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుండి తుపాకులు తీసుకుపోవలసి రావడానికి ఆ చట్టపు నీడ కూడా ఒక కారణం. స్వతంత్ర భారతం 1959లో కొత్త చట్టం చేసింది. అది 1962 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చింది. 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకులను మూడు నుండి రెండుకు తగ్గించారు.

మన దేశంలో తుపాకి హత్యలు అధికంగా లైసెన్సు లేని నాటు తుపాకులతోనే జరుగుతున్నాయి. రాయలసీమ కక్షలలో నాటుబాంబులు, వేటకొడవళ్లు ఎంత నెత్తురు పారించాయో మనకు తెలుసు. పగ ఉన్నచోట ఆయుధం మారుతుంది, నిజమే. అయినా మన పాఠశాలలు, సినిమాహాళ్లు తుపాకి భయం లేకుండా నడుస్తున్నాయంటే, తుపాకి సులభంగా దొరకకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. లభించినదాని విలువ మనం తరచుగా గుర్తించము.

ఇక మన ఇళ్ల సంగతి

చరిత్ర చెప్పే పాఠం ఇది. తుపాకి చట్టం అన్ని నేరాలను తగ్గించే సర్వరోగనివారిణి కాదు. కాని కోపమూ నిరాశా మరణంగా మారే దారిని అది ఇరుకు చేస్తుంది. మంచి చట్టం, దాని అమలు, అక్రమ ఆయుధాలపై నిఘా మూడూ కలిసినప్పుడే ఫలితం పూర్తిగా కనబడుతుంది.

అమెరికాలో ఉన్న మీ పిల్లలు తుపాకి కొనాలా అని అడిగితే, నా సమాధానం వద్దనే. అపరిచితుడైన దొంగను ఎదిరించే సందర్భం అరుదు; ఇంట్లో కోపం, దిగులు, పసిపిల్లల కుతూహలం నిత్యమూ ఉండేవి. ఇప్పటికే కొని ఉంటే, తూటాలు తీసి, తుపాకినీ తూటాలనూ వేర్వేరుగా తాళంలో ఉంచాలి. తాళపుచెవి పిల్లల కంటపడకూడదు. పిల్లలకు తుపాకి అందకుండా భద్రపరచాలనే చట్టాలు పిల్లల మరణాలను తగ్గిస్తాయనడానికి ఆధారాలు బలంగా ఉన్నాయి. మనుమలు స్నేహితుల ఇళ్లకు ఆటకు వెళ్లేటప్పుడు "మీ ఇంట్లో తుపాకి ఉన్నదా? తాళంలో ఉన్నదా?" అని అడగడానికి మొగమాటపడవద్దు. పల్లి అలర్జీ గురించి అడిగినంత సహజంగా అడగండి. ఇంట్లో ఎవరైనా తీవ్రమైన దిగులులో ఉంటే, ఆ కాలమంతా తుపాకిని ఇంటినుండి తరలించండి.

ఇక్కడ మన ఊళ్లలో రైతు సోదరులకు కూడా ఇదే మనవి. పురుగుమందు డబ్బాను పెట్టెలో పెట్టి తాళం వేయండి. వీలైతే ఇంట్లో ఉంచవద్దు. ఎవరికైనా బ్రతుకు భారమనిపిస్తుంటే, ఏ సమయంలోనైనా టెలీ మానస్ ఉచిత సహాయ సంఖ్య 14416కు ఫోను చేయవచ్చును. తెలుగులో మాట్లాడే సలహాదారులు ఉంటారు. ఆ ఒక్క గడియ దాటించగలిగితే, చాలా ప్రాణాలు నిలుస్తాయి.